రెండు గదులు, మధ్యలో తలుపు

మా ఇంట్లో నేను అన్నిటికంటే ఎక్కువ భయపడే మాట "నీ ఇష్టం".

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చిందంటే ఒక పని నా నెత్తిన పడిందని అర్థం. ఆ పని చెడితే తప్పు నాదని, కుదిరితే అది ఎలాగూ కుదరాల్సిందేనని కూడా అర్థం. ఆ రోజు మంచం మీద ఉతికిన బట్టల గుట్ట పోసుకుని మడతలు పెడుతున్నాను. ఆయన ఆ గుట్టలోంచి తన మేజోడు ఒకటి లాక్కుంటూ, పిల్లల సెలవులకి ఈసారి నది ఒడ్డున ఉన్న ఆ పెద్ద ఊరు వెళ్దామని, అమ్మా నాన్నా కూడా వస్తామన్నారని, నాలుగు రోజులు సరిపోతాయని చెప్పాడు. ఊళ్ళో ఏ వైపు దిగుదాం, హోటల్ ఎలాంటిది చూడను అని అడిగాను.

"అవన్నీ నాకేం తెలుసు? నువ్వే చూడు. నీ ఇష్టం."

రెండో మేజోడు దొరకలేదు. దానికీ నా వైపే చూశాడు.

నాకు ఏడాదికి వరసగా దొరికే సెలవు సరిగ్గా నాలుగు రోజులు. లిఫ్టుల కంపెనీలో అత్యవసర విభాగంలో ఉద్యోగం నాది. ఊళ్ళో ఎక్కడ లిఫ్టు మధ్యలో ఆగిపోయినా లోపలున్నవాళ్ళు ఎర్ర బటన్ నొక్కుతారు. అది నా చెవిలో మోగుతుంది. ఏ భవనం, ఎంతమంది, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అని అడిగి, మెకానిక్‌ని పంపించి, అతను అక్కడికి చేరేదాకా వాళ్ళతో మాట్లాడుతూ ఉండాలి. మా సూపర్‌వైజర్ నాకంటే పదేళ్ళు చిన్నవాడు. "మేడమ్, మీ గొంతు అచ్చం మా అమ్మ గొంతే" అని మెచ్చుకుని, ఏడ్చేవాళ్ళ కాల్స్ అన్నీ నాకే తిప్పుతాడు. బాత్రూముకి వెళ్ళాలంటే మాత్రం అమ్మ చెయ్యెత్తి ఆ అబ్బాయినే అడగాలి. వెళ్ళిన నిమిషాలు స్క్రీన్ మీద ఎర్రగా పడతాయి. అలా మూడు వందల అరవై రోజులు గడిపితే ఆ నాలుగు రోజులు వస్తాయి. అవి పోతే మళ్ళీ ఏడాదికే.

పోయినసారి నోరు జారాను. ఆ నాలుగు రోజుల్లో ఒక్క రెండు గంటలు ఎక్కడైనా ఒక్కదాన్నే కూర్చుంటానన్నాను. "అందరం కలిసి ఉందామనే కదా వెళ్ళేది" అన్నాడు ఆయన, నిజంగానే అర్థంకాక. అత్తయ్య ఆ సంగతి ఆడపడుచు చెవిన వేసింది. ఆడపడుచు పని మానుకుని ఫోన్ చేసి, "వదినా, ఒంట్లో బాగుంటోందా? ఎవరికైనా చూపించుకోకూడదూ?" అని పరామర్శించింది. ఆ తరవాత ఆ ఊసెత్తలేదు.

హోటల్ వెతకడం నాకు కొత్త కాదు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో తొమ్మిది ప్రయాణాలు, తొమ్మిదీ నేను వెతికినవే. ప్రతిదానికీ మా ఇంట్లో ఒక పేరుంది. "నువ్వు బుక్ చేసిన దోమల హోటలు", "నువ్వు బుక్ చేసిన మెట్ల హోటలు", "నువ్వు బుక్ చేసిన చన్నీళ్ళ హోటలు". ఒకసారి మూడు రోజులు ఏకధాటిగా వాన కురిసింది. కిటికీ దగ్గర నిలబడి ఆయన, "కాస్త చూసి బుక్ చేయాల్సింది" అన్నాడు. వానకి కూడా నేను జవాబు చెప్పాలి.

అందుకని ఈసారి ఎవరికేం కావాలో ముందే అడిగి కాగితం మీద రాసుకున్నాను. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. మెట్లుండకూడదు, బాత్రూము మంచానికి దగ్గరగా ఉండాలి, గోడకి పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. రాత్రి రెండుసార్లు లేస్తుంది, లేచినప్పుడు పక్కన మనిషుండాలి. మామయ్యకి చప్పుడు పడదు. పొద్దున్నే నడవడానికి పార్కు, ఆరింటికల్లా కాఫీ, పేపరు. ఆయనకి కారు పెట్టుకునే చోటు, పెద్ద టీవీ, "అన్నిటికీ దగ్గర". అన్నీ అంటే ఏవని అడిగితే "అన్నీ అంటే అన్నీ" అన్నాడు. మా పెద్దదానికి పదమూడేళ్ళు. దానికి ఫొటోలు బాగా వచ్చే కిటికీ, ఆగకుండా వచ్చే నెట్. తొమ్మిదేళ్ళ చిన్నదానికి ఈత కొలను. అందరి మాటలూ రాసుకుని కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాను. అందులో నాకంటూ ఒక వరస లేదని అప్పుడు తట్టలేదు.

తొమ్మిది రోజులు వెతికాను. బస్సులో నిలబడి, భోజనాల విరామంలో ఒక చేత్తో తింటూ, కాల్‌కీ కాల్‌కీ మధ్య బల్ల కింద ఫోన్ పెట్టుకుని వెతికాను. ఆ ఊళ్ళో నేనెప్పుడూ అడుగు పెట్టలేదు. అయినా ఏ వీధి ఎత్తో ఏ వీధి పల్లమో, ఏ కూడలిలో పొద్దుటి పూట లారీలు ఆగుతాయో, ఏ హోటల్లో బాత్రూము గడియ పడదో నాకు కంఠతా వచ్చేసింది. ముక్కూమొహం తెలియని మనుషులు రాసిన అభిప్రాయాలు వందల కొద్దీ చదివాను. "పర్వాలేదు" అని రాసిన మగవాడి మాట నమ్మకూడదని, "దుప్పట్లు రెండోసారి అడిగాకే మార్చారు" అని రాసిన ఆడమనిషిని కళ్ళు మూసుకుని నమ్మొచ్చని తేల్చుకున్నాను.

రాత్రి భోజనాల దగ్గర ఒక్కొక్క పేటా ముందు పెట్టేదాన్ని. స్టేషన్ వైపు అన్నిటికీ దగ్గర అంటే, రైలు కూతలకి తనకి నిద్ర పట్టదన్నారు మామయ్య. పాత ఊరి వైపు అంటే, ఆ సందుల్లో కారు దూరదన్నాడు ఆయన. అత్తయ్య అయితే మెట్ల ఫొటో చూడగానే నేనా మెట్లు తన కోసమే కట్టించినట్టు చూసింది. కొండ మీది కొత్త కాలనీ ప్రశాంతంగా ఉంది, అక్కడికి నెట్ అందదట, మా పెద్దది పళ్ళెం ముందు నుంచి లేచిపోయింది. మిగిలింది నది ఒడ్డు. పార్కుంది, చదునైన రోడ్లున్నాయి, కారుకి చోటుంది. అన్నీ ఉన్నాయి. ఆరుగురికి గదులు మాత్రం లేవు. ఎన్నిసార్లు వెతికినా "క్షమించండి" అనే వచ్చేది. ఆ క్షమాపణ కూడా నాకే.

పదో రోజు బస్సులో ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోయి మళ్ళీ వెలిగింది. నింపిన వివరాలన్నీ చెరిగిపోయాయి. మళ్ళీ మొదటి నుంచీ నింపాను. అత్తయ్య కడ్డీ, మామయ్య పార్కు, ఆయన కారు, పిల్లల కిటికీ, కొలను అని ఒక్కొక్కళ్ళనీ తలుచుకుంటూ నింపి నొక్కాను.

వచ్చింది. సరిగ్గా నది ఒడ్డునే. కింది అంతస్తులో పక్కపక్కనే రెండు గదులు, మధ్యలో తలుపు. లోపలి గదిలో రెండు మంచాలు, బాత్రూములో కడ్డీ. బయటి గదిలో మూడు మంచాలు, గోడంత కిటికీ, పెద్ద టీవీ. వెనక కొలను. సోమవారం సాయంత్రం ఆరింటి దాకా గదులు ఆపి ఉంచుతామని, ఆలోపు ఖాయం చేయాలని రాసుంది. బస్సు దిగాల్సిన చోట దిగకుండా ఒక స్టాపు దాటిపోయాను.

ఆదివారం పొద్దున ఫోన్ అందరి చేతులూ మారింది. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఒక్కొక్కళ్ళ మొహమే చూస్తున్నాను, పరీక్ష ఫలితాలు చూసేదానిలా. అత్తయ్య బాత్రూము ఫొటో పెద్దది చేసి చూసి, తలుపు పక్క మంచం నాదంది. అయితే రెండోది నాదన్నారు మామయ్య. బయటి గదిలో కిటికీ పక్క మంచం కోసం పిల్లలిద్దరూ కొట్టుకున్నారు. పెద్దది గెలిచింది, చిన్నది గోడ పక్కకి పోయింది. "టీవీకి ఎదురుగా ఉన్నది నాదే, ఎవరూ అడగొద్దు" అని మధ్య మంచం ఆయన తీసుకున్నాడు. అత్తయ్య ఫోన్ నాకు తిరిగిస్తూ, పద్నాలుగేళ్ళలో మొదటిసారి, "బాగుంది అమ్మాయ్" అంది.

ఆ ఒక్క మాటకి రోజంతా కాలు నేల మీద నిలవలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మధ్యాహ్నం గిన్నెలు తోముతూ కూనిరాగం తీశానట, మా చిన్నది చెప్పింది.

సోమవారం మూడున్నరకి ఒక కాల్ వచ్చింది. ఏదో అపార్టుమెంటు, నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగింది. ఆడగొంతు, ఏడవడం లేదు. లోపల ఎంతమంది అని అడిగాను. "మా అత్తగారు, పిల్లలిద్దరూ అండీ. ముగ్గురు" అంది. అత్తగారికి ఆయాసం ఉందని, చిన్నపిల్ల బాత్రూముకి వెళ్ళాలంటోందని, కూరగాయల సంచి చిరిగిందని వరసగా చెప్పింది. ముగ్గురు అని నమోదు చేసి మెకానిక్‌ని పంపించాను. ఇరవై రెండు నిమిషాలు మాట్లాడుతూ ఉన్నాను. అత్తగారిని కింద కూర్చోబెట్టమన్నాను, పిల్ల చేత అంకెలు వెనక్కి లెక్కపెట్టించమన్నాను. అన్నీ చేసింది.

మా పద్ధతిలో ఒక నియమం ఉంది. కాల్‌లో ఎంతమంది అన్నారో, లిఫ్టులోంచి ఎంతమంది దిగారో, ఆ రెండు అంకెలూ కలవాలి. కలవకపోతే కేసు మూయకూడదు, మెకానిక్ నాతో మాట్లాడాలి. అతను ఫోన్ చేశాడు. నలభై ఏళ్ళుగా లిఫ్టులు తెరుస్తున్న పెద్దాయన.

"ముగ్గురని రాశావమ్మా, నలుగురు దిగారు."

నేను నమోదు చేసింది వెనక్కి వెళ్ళి చూశాను. అత్తగారు, ఇద్దరు పిల్లలు. నాలుగో మనిషి ఎవరని అడిగాను.

"నీతో మాట్లాడినావిడే కదమ్మా. తనని లెక్కెట్టుకోలా." అవతల తలుపు బిగిస్తూ పెద్దాయన నవ్వాడు. "ఆడవాళ్ళు చేసిన కాల్ అయితే నేనెప్పుడూ ఒకటి కలుపుకునే వెళ్తా. ఇన్నేళ్ళలో చాలాసార్లు కలిసింది."

నేనూ నవ్వాను. మూడు కొట్టేసి నాలుగు వేశాను. కేసు మూశాను. తరవాత నవ్వు సగంలో ఆగిపోయింది. లోపలి గదిలో రెండు. బయటి గదిలో మూడు.

బల్ల కింద ఫోన్ తెరిచాను. అతిథుల సంఖ్య దగ్గర ఐదు అని ఉంది.

ముందు నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ తరవాత ఆదివారం పొద్దుట్నుంచీ జరిగిందంతా మళ్ళీ కళ్ళ ముందు తిప్పి చూశాను. ఐదు మంచాలు, ఐదుగురూ పంచుకున్నారు. గొడవపడి, బేరాలాడి మరీ పంచుకున్నారు. ఒక్క మంచం మిగల్లేదే, ఈవిడ ఎక్కడ పడుకుంటుందని ఒక్కరికీ అనుమానం రాలేదు. పోనీ వాళ్ళు ఒక్కసారే చూశారు. నేను ఆ ఫొటోలు నలభైసార్లు చూసుంటాను. నాకూ రాలేదు. గ్లాసులు పట్టుకుని ఎదురుగా నిలబడ్డ మనిషిని ఐదు జతల కళ్ళు దాటేశాయి, ఆరో జత కూడా దాటేసింది. కోపం ఎవరి మీద పడాలో తేలలేదు. అంతలో ఇంకో కాల్ వచ్చింది. "భయపడకండి, నేనున్నాను" అన్నాను.

నాలుగున్నరకి చెయ్యెత్తి, ఎర్ర నిమిషాలు పడనిచ్చి, మెట్ల దగ్గరికి వెళ్ళి హోటల్‌కి ఫోన్ చేశాను. ఆ గదుల్లో ఐదుగురికే వీలుంటుందట. ఆరో మనిషికి గది ఖాళీ లేదు. మడత మంచం ఒకటి వేయగలరు, అదీ రెండు గదుల మధ్య తలుపు దగ్గరే. తలుపు మూయడం కుదరదని, రాత్రి ఎవరైనా అటూ ఇటూ తిరగాలంటే మడత మంచం మీది మనిషి లేవాల్సి ఉంటుందని రిసెప్షన్ అమ్మాయి మర్యాదగా చెప్పింది.

ఆయనకి ఫోన్ చేశాను. ముందు నవ్వాడు. తనని తాను మర్చిపోయే మనిషిని ఎక్కడా చూడలేదన్నాడు, ఈ సంగతి అమ్మకి చెప్పకు పరువు పోతుందన్నాడు. నేను నవ్వకపోయేసరికి గొంతు తగ్గించి బుజ్జగించాడు.

"సర్లే, దానికింత కంగారెందుకు? మడత మంచం వేయించెయ్. ఎలాగూ రాత్రి అమ్మ కోసం లేవాల్సిందే కదా. తలుపు దగ్గరైతే నీకే సులువు."

ఆయన వెటకారం చేయలేదు. వెటకారమైతే బాగుండేది, మళ్ళీ ఒక మాట అనేదాన్ని. నిజంగా నా మంచి కోరే చెప్పాడు.

మెట్ల మీద కూర్చుండిపోయాను. దోమల హోటల్లో నేను ఎక్కడ పడుకున్నాను? అత్తయ్య మంచం కింద, నేల మీద పరుపు. మెట్ల హోటల్లో? పిల్లల మంచాలు రెండూ కలిపి మధ్య సందులో, చిన్నదానికి అప్పుడు జ్వరం. చన్నీళ్ళ హోటల్లో సోఫా మీద, కాళ్ళు ముడుచుకుని. తొమ్మిది ఊళ్ళు తిరిగాను. ఏ ఊరి కిటికీలోంచి పొద్దున ఏం కనబడిందో ఒక్కటీ గుర్తు లేదు. ప్రతి ఊళ్ళోనూ బాత్రూముకి ఎన్ని అడుగులో గుర్తుంది. ఇంట్లో చేసే పనే ఇంకో ఊళ్ళో, తెలియని కుళాయిల కింద, అలవాటులేని చీకట్లో చేశాను. తిరిగొచ్చాక సూపర్‌వైజర్ "బాగా రెస్ట్ తీసుకున్నారా మేడమ్" అంటే అవునన్నాను. ఈసారి తలుపు మధ్యలో. గదిలో కూడా కాదు.

ఐదూ నలభైకి నా సీట్లో కూర్చుని మళ్ళీ ఆ పేజీ తెరిచాను. ఐదు పక్కన చిన్న కూడిక గుర్తుంది. ఒక్కసారి నొక్కితే ఆరవుతుంది. వేలు దాని మీద పెట్టి ఎంతసేపున్నానో తెలియదు. అత్తయ్యని రాత్రి ఎవరు లేవదీస్తారు, మామయ్య మాత్రలు ఎవరు గుర్తుచేస్తారు, చిన్నది కొలను దగ్గర జారితే ఎవరు చూస్తారు. ప్రశ్నలన్నీ నా గొంతుతోనే వచ్చాయి. వాటిలో ఒక్కదానికీ ఆయన గొంతు లేదు.

కూడిక గుర్తు మీంచి వేలు తీసేశాను. కింద, బుక్ చేసినవారి పేరు, ఫోన్ నంబరు అన్నచోట నావి ఉన్నాయి, ఎప్పట్లాగే. రెండూ చెరిపి ఆయనవి రాశాను. ఆరింటికి నాలుగు నిమిషాలుందనగా ఖాయం చేశాను. సూపర్‌వైజర్ సెలవుల జాబితాతో అటుగా పోతూ, మీ నాలుగు రోజులూ అలాగే ఉంచాలా మేడమ్ అని అడిగాడు. అలాగే ఉంచమన్నాను.

ఇంట్లో భోజనాలకి కూర్చున్నాక ఆయన ఫోన్ మోగి ఆగింది. చదువుకుని కనుబొమలు ముడిచాడు. నువ్వు మార్చనేలేదు, ఐదుగురనే వచ్చింది, అదీ నా ఫోన్‌కొచ్చిందేమిటన్నాడు. మంచాలు ఐదే ఉన్నాయని, నిన్న అందరూ పంచుకున్నారని, ఆ పంపకం అలాగే ఉంచానని చెప్పాను. నేను రావడం లేదన్నాను. మామయ్య పళ్ళెంలోకి చూస్తూ, ఐదు మంచాలూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. ఆ తరవాత తలెత్తలేదు. అలిగావా అన్నాడు ఆయన. మంచం కోసం ఎవరైనా ఇంత చేస్తారా అని కూడా అన్నాడు.

మా చిన్నది మాత్రం కుర్చీ దిగొచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"నా మంచం మీద పడుకుందువు గానీ అమ్మా. సర్దుకుందాం."

ఒక్క క్షణం కరిగిపోయాను. సరేనని నోటిదాకా వచ్చింది. కానీ ఆ చివరి మాట తొమ్మిదేళ్ళ గొంతులో ఎంత తేలిగ్గా పలికిందో వినేసరికి వెన్ను నిటారైంది. ఆ మాట దానికి ఎవరు నేర్పారు? అక్కకి కిటికీ వదిలేసి గోడ పక్కకి పోయినప్పుడే వచ్చేసిందా? "నీ మంచం నీదే తల్లీ, కాళ్ళు బారచాపుకుని పడుకో" అన్నాను.

అత్తయ్య నా వైపు తిరిగింది. రాత్రి తన సంగతేమిటని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. మంచినీళ్ళు తాగి గ్లాసు పెడుతూ, "సరే, ఎలాగూ ఇంట్లోనే ఉంటావుగా, ఆ అటక కాస్త దులిపించు" అంది.

"ఇంట్లో ఉంటానని నేననలేదు అత్తయ్యా."

ఎక్కడ ఉంటానో నాకూ ఇంకా తెలియదు. ఆ మాట అన్నది నేనేనా అని నాకే ఆశ్చర్యంగా ఉంది.

ఆయన ఏదో అనబోయాడు. అంతలో ఫోన్ మళ్ళీ మోగింది. హోటల్ వాళ్ళట. అలవాటు కొద్దీ ఫోన్ నా వైపు చాపాడు, నువ్వు మాట్లాడు అన్నట్టు. నేను నా పళ్ళెంలోని ముద్ద పూర్తి చేస్తున్నాను. చెయ్యి చాపలేదు. మూడుసార్లు మోగాక తనే చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎప్పుడొస్తారు అని అడిగినట్టున్నారు, తడబడుతూ ఏదో టైము చెప్పాడు. కడ్డీ ఎవరికని అడిగారు, మా అమ్మకన్నాడు. ఎంతమంది అని అడిగారు.

ఆయన వేలు గాల్లో లేచి బల్ల చుట్టూ తిరిగింది. అమ్మ, నాన్న, పెద్దది, చిన్నది. తన గుండె మీద తట్టుకున్నాడు. ఆ వేలు నా దగ్గరికొచ్చి ఆగింది. మొదటిసారి నన్ను చూసి, నన్ను లెక్కలో వేయడానికే ఆగింది. నేను నెమ్మదిగా తల అడ్డంగా ఊపాను.

"ఐదుగురం" అన్నాడు.